విశాఖ ల్యాబ్‌లో ద్రవ–ద్రవ ఎక్స్‌ట్రాక్షన్: సాల్వెంట్ ఎంపికకు సమగ్ర మార్గదర్శి

నీళ్లలో కరిగిన పదార్థాన్ని, నీళ్లతో కలవకుండా వేరే పొరగా నిలిచే సాల్వెంట్ (కరిగించుకునే ద్రవం)లోకి లాగడమే ద్రవ–ద్రవ ఎక్స్‌ట్రాక్షన్. "ఏ సాల్వెంట్ వాడితే బాగుంటుంది?" అని అడిగే విద్యార్థిని ముందు ఒక ఎదురు ప్రశ్న అడగాలి: ప్రయోగం అయిపోయాక దాన్ని ఎక్కడ పోస్తావు? జవాబు "సింకులో" అయితే ఎంపిక అక్కడే తప్పింది. విశాఖలో సింకులో పోసింది ఎంతో దూరం పోదు. కాలేజీ వెనక కాలువ, ఆ కాలువ కలిసే గెడ్డ (వాగు), ఆ గెడ్డ కలిసే సముద్రం. సాయంత్రం మనం వెళ్లి కూర్చునే బీచ్, ఫిషింగ్ హార్బర్‌లో పడవలు ఆగే నీళ్లు ఆ దారి చివరే ఉన్నాయి.

అందుకే ఈ గైడ్ వెనక నుంచి మొదలవుతుంది. ముందు వ్యర్థం, తర్వాత ప్రయోగం, ఆ తర్వాతే సాల్వెంట్ పేరు. ఇంటర్ ప్రాజెక్టు చేసేవాళ్లకు, డిగ్రీ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేసేవాళ్లకు, వాళ్ల ల్యాబ్ చూసుకునే లెక్చరర్లకు, అటెండర్లకు పనికొచ్చేలా రాస్తున్నాను. సాల్వెంట్‌తో చేసే ఏ ప్రయోగమైనా లెక్చరర్ పక్కన ఉండగానే చేయాలి. ఇంట్లో చేసుకోదగ్గది ఒకటి ఉంది, దాన్ని విడిగా చెబుతాను.

1. ముందు వ్యర్థాల సీసా

ప్రయోగం రోజుకు ముందే మూత గట్టిగా పట్టే రెండు గాజు సీసాలు సిద్ధం చేయండి. ఒకదాని మీద "క్లోరిన్ లేని సాల్వెంట్లు", రెండోదాని మీద "సాల్వెంట్ కలిసిన నీళ్లు" అని రాయండి. పాత స్టాకులోంచి క్లోరోఫాం లాంటిది ఏదైనా బయటపడితే దానికి మూడో సీసా కావాలి. క్లోరిన్ ఉన్నవాటినీ లేనివాటినీ కలిపేస్తే తర్వాత వాటిని శుద్ధి చేయడం, కాల్చడం కష్టమవుతుంది, ఖర్చూ పెరుగుతుంది. క్లోరోఫాం, అసిటోన్, క్షారం ఒకే సీసాలో కలిస్తే వేడి పుట్టి సీసా పగిలే ప్రమాదం కూడా ఉంది. నైట్రిక్ ఆమ్లం చుక్క కూడా ఈ సీసాల్లో పడకూడదు.

మీ కాలేజీ ఈ వ్యర్థాలను ఎవరికి అప్పగిస్తుందో ఇప్పుడే కనుక్కోండి. పరవాడ ఫార్మాసిటీ వైపు ప్రమాదకర పారిశ్రామిక వ్యర్థాలను తీసుకునే కేంద్రం ఉంది కాబట్టి, మన ఊళ్లో "ఇవ్వడానికి చోటు లేదు" అనే మాట నిలవదు. ఒక్క కాలేజీ వ్యర్థం కొద్దిగానే ఉంటే రెండు మూడు కాలేజీలు కలిసి ఇచ్చే ఏర్పాటు చేసుకోవచ్చు. అప్పగించే దారి దొరకని సాల్వెంట్‌ను మాత్రం కొనవద్దు.

2. దేన్ని, దేనిలోంచి, ఎందుకు?

ఒక కాగితం మీద మూడు సంగతులు రాసుకోండి. నీళ్లలోంచి బయటికి లాగాల్సిన పదార్థం ఏది? అది ఆమ్లమా, క్షారమా, రంగా, తటస్థమా? లాగాక దాన్ని ఏం చేస్తారు: టైట్రేషనా (బ్యూరెట్‌తో మరో ద్రావణాన్ని చుక్కలుగా వేసి ఎంతుందో కొలవడమా), పొడిగా రాబట్టడమా, రంగు చూసి ఊరుకోవడమా?

చాలామంది మూడో ప్రశ్న వదిలేస్తారు. సాల్వెంట్ ఎంపికను తేల్చేది మాత్రం ఎక్కువసార్లు అదే. పొడి రాబట్టాలంటే సాల్వెంట్ సులువుగా ఆవిరవ్వాలి. టైట్రేషన్ చేయాలంటే అది క్షారంతో కలబడకూడదు. రంగు చూస్తే చాలనుకుంటే అసలు పెట్రోలియం సాల్వెంటే అక్కర్లేదు.

రెండు ద్రవాల మధ్య పదార్థం ఏ నిష్పత్తిలో పంచుకుంటుందో చెప్పేదే వితరణ గుణకం, అంటే సాల్వెంట్ పొరలోని గాఢతను నీటి పొరలోని గాఢతతో భాగిస్తే వచ్చే విలువ. అది 1 కంటే ఎంత ఎక్కువైతే సాల్వెంట్ అంత బాగా లాగుతున్నట్టు. కానీ గుణకం ఎక్కువ ఉన్నదే మంచి సాల్వెంట్ అనుకోకండి. గుణకం గొప్పగా ఉన్న పాత సాల్వెంట్లలో చాలావాటిని ఈ రోజు ల్యాబ్‌లోకి రానివ్వకూడదు.

3. జాబితాలోంచి ముందే కొట్టేయాల్సినవి

బెంజీన్: మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని నిర్ధారణ అయిన పదార్థం. నీటికి, బెంజీన్‌కు మధ్య బెంజోయిక్ ఆమ్లం పంపిణీ అనే ప్రయోగం పాత రికార్డుల్లో ఇంకా కనిపిస్తుంది. విద్యార్థుల చేతికి బెంజీన్ ఇవ్వడానికి ఇప్పుడు ఏ కారణమూ సరిపోదు.

కార్బన్ టెట్రాక్లోరైడ్: అయోడిన్ పంపిణీ ప్రయోగంలో దశాబ్దాల పాటు వాడారు. అడుగున ఊదారంగు పొర చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఓజోన్ పొరనూ తినేస్తుంది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద దాన్ని ప్రపంచమంతా ఆపేస్తూ వచ్చారు. ఆ ఒప్పందంలో 1992లో చేరిన మన దేశం కూడా 2010 నాటికి, వేరే రసాయనాల తయారీకి ముడిసరుకుగా వాడడం లాంటి మినహాయింపులు తప్పించి, దాన్ని ఆపేసింది. అయినా కొన్ని ల్యాబుల అల్మరాల్లో అట్టడుగున పాత సీసాలు ఉంటాయి. కనిపిస్తే తెరవకుండా లెక్చరర్‌కు చెప్పండి. ఉంది కదా అని వాడేసి ఖాళీ చేయడం పరిష్కారం కాదు.

క్లోరోఫాం, డైక్లోరోమీథేన్: రెండూ క్యాన్సర్ అనుమానం ఉన్నవే. టీ ఆకుల నుంచి కెఫీన్ తీయడానికి డైక్లోరోమీథేన్ చాలా బాగా పనిచేస్తుందన్న మాట నిజమే. కానీ సరైన ఫ్యూమ్ హుడ్ (ఆవిరిని లాగి బయటికి పంపే అల్మరా) లేని చోట ముప్పై మంది ఒకేసారి వాడే సాల్వెంట్ కాదది. మామూలు నైట్రైల్ గ్లౌజుల్లోంచి కూడా నిమిషాల్లోనే చర్మం దాకా చేరుతుంది.

డైఇథైల్ ఈథర్: దీని సంగతి తర్వాతి భాగంలో.

నార్మల్ హెక్సేన్: శరీరంలో 2,5-హెక్సేన్‌డయోన్‌గా మారి కాళ్లూ చేతుల్లోని నరాలను దెబ్బతీస్తుంది. ఒక్క కార్బన్ ఎక్కువున్న హెప్టేన్‌తో ఆ ముప్పు చాలా తక్కువ. పని మాత్రం దాదాపు అదే చేస్తుంది.

వీటితో పాటు బయట దొరికేవి కూడా కొట్టేయండి. ప్రాజెక్టు కోసం బైక్ ట్యాంకులోంచి పెట్రోల్ తీసేవాళ్లున్నారు. దాంట్లో 1 శాతం దాకా బెంజీన్ ఉండవచ్చు, పైగా ఎంత తేలిగ్గా అంటుకుంటుందో చెప్పక్కర్లేదు. పెయింట్ థిన్నర్ డబ్బాలో ఏమేం కలిపారో మీకు తెలియదు. నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ఎక్కువగా అసిటోన్ ఉంటుంది. అసిటోన్ నీళ్లలో పూర్తిగా కలిసిపోతుంది కాబట్టి రెండు పొరలే రావు.

4. మన ఊరి వేడి, మన గాలి

పుస్తకాల్లో "గది ఉష్ణోగ్రత" అంటే 20 లేదా 25 డిగ్రీలు. విశాఖలో ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాన్ కింద ఉన్న ల్యాబ్ బల్ల మీద కూడా 33, 35 డిగ్రీలు ఉండడం మామూలే. చల్లటి దేశాల్లో రాసిన పద్ధతిని ఇక్కడ యథాతథంగా చేయకూడదని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

డైఇథైల్ ఈథర్ 34.6 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అంటే మే నెల మధ్యాహ్నం సీసాలోనే మరగడానికి సిద్ధంగా ఉంటుంది. మూత తీస్తే ఆవిరి ఎగదన్నుతుంది. పైగా దాని ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే కనిష్ఠ ఉష్ణోగ్రత, మైనస్ 45 డిగ్రీలు. తెరిచి చాలాకాలం ఉంచిన సీసాలో గాలి తగిలి పుట్టే పెరాక్సైడ్లు చేరి, వేడి చేసినప్పుడు పేలే ప్రమాదమూ ఉంది. డైక్లోరోమీథేన్ కూడా 40 డిగ్రీలలోపే మరుగుతుంది. 25 డిగ్రీల దగ్గరే దాని ఆవిరి పీడనం సుమారు 430 మిల్లీమీటర్లు (పాదరసం కొలతలో). అదే ఉష్ణోగ్రతలో ఇథైల్ అసిటేట్‌ది 95 దరిదాపుల్లో ఉంటుంది. సెపరేటింగ్ ఫన్నెల్‌లో (పొరలను వేరు చేసే, అడుగున కొళాయి ఉన్న గాజు పాత్రలో) పోసి మూత పెట్టి ఊపినప్పుడు లోపల ఎంత ఒత్తిడి పుడుతుందో ఈ తేడాలోనే ఉంది.

రెండో సంగతి, ఈ ఆవిర్లన్నీ గాలి కంటే బరువైనవి. ఇథైల్ అసిటేట్ ఆవిరి గాలి కంటే మూడు రెట్లు బరువు. అది పైకి పోదు, బల్ల మీదుగా కిందికి పాకి నేల మీద పరుచుకుంటుంది. బల్ల చివర వెలుగుతున్న బర్నర్ దాకా, మూలన ఆన్‌లో ఉన్న స్విచ్చు దాకా వెళ్లగలదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి నేల మీద పరుచుకుని ఇళ్లలోకి వచ్చింది. 12 మంది చనిపోయారు. ట్యాంకులో వేడి పెరగడంతో మొదలైన ప్రమాదమది. ల్యాబ్‌లో మనం వాడేది మిల్లీలీటర్లలోనే కావచ్చు, కానీ వేడికి, ఆవిరికి ఉన్న ఆ సంబంధం ఇక్కడా అంతే.

మూడోది ఏసీ. గోడకు బిగించే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే చల్లబరుస్తూ తిప్పుతుంది. కిటికీలు మూసి ఏసీ వేసుకున్న ల్యాబ్ చల్లగా ఉంటుంది కానీ ఆవిరంతా లోపలే ఉంటుంది. ఫ్యూమ్ హుడ్ లేకపోతే ఏసీ ఆపి, ఎదురెదురు కిటికీలు తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. ఎండాకాలంలో ప్రాక్టికల్స్ పెట్టక తప్పకపోతే ఉదయం మొదటి బ్యాచ్‌కే ఎక్స్‌ట్రాక్షన్ పెట్టుకోవడం మేలు. సాల్వెంట్ చల్లబరచాలని ఇంట్లో వాడే రకం ఫ్రిజ్‌లో పెట్టకండి. లోపలి థర్మోస్టాట్, బల్బు స్విచ్చు నిప్పురవ్వ పుట్టించగలవు. చన్నీళ్ల తొట్టెలో సీసా ఉంచితే చాలు.

5. మిగిలినవాటిలో ఏది?

ఇథైల్ అసిటేట్ గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే "పర్యావరణ హిత సాల్వెంట్" అనగానే అందరూ మొదట చెప్పే పేరు అదే. ఆ మంచిపేరుకు కారణాలున్నాయి. విషప్రభావం తక్కువ, ప్రకృతిలో తొందరగా విచ్ఛిన్నమవుతుంది, చెరకు మొలాసిస్ నుంచి వచ్చే ఇథనాల్‌తో తయారు చేయవచ్చు. ఫార్మా కంపెనీలు తయారు చేసుకున్న సాల్వెంట్ ఎంపిక పట్టికల్లోనూ ఇది మంచి వైపే ఉంటుంది. 77 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి తిరిగి పట్టుకోవడమూ సులువే.

ఇప్పుడు మరో వైపు చూడండి. ఫ్లాష్ పాయింట్ మైనస్ 4 డిగ్రీలు, అంటే విశాఖలో ఏ నెలలోనైనా నిప్పు తగిలితే అంటుకుంటుంది. పర్యావరణానికి మేలైనదీ ప్రమాదం లేనిదీ ఒకటి కాదు. ఇంకోటి, నీళ్లలో ఇది బాగానే కరుగుతుంది. 100 మి.లీ. నీటిలో దాదాపు 8 గ్రాములు. మీరు మూడుసార్లు ఎక్స్‌ట్రాక్ట్ చేసి "నీటి పొర" అని పక్కన పెట్టేదాంట్లో ఇంత సాల్వెంట్ దాక్కుని ఉంటుంది. దాన్ని సింకులో పోస్తే పచ్చదనమంతా అందులోనే కొట్టుకుపోతుంది. ఉప్పు బాగా కలిపితే ఈ నష్టం తగ్గుతుంది. ఆ నీటిని పారబోయకుండా రెండో సీసాలో పట్టండి.

ఇథైల్ అసిటేట్ ఎస్టర్ (ఆమ్లం, ఆల్కహాల్ కలిసి ఏర్పడ్డ పదార్థం) కాబట్టి గాఢ ఆమ్లాలు, క్షారాలు దాన్ని విడగొడతాయి. దీనివల్ల టైట్రేషన్‌లో వచ్చే చిక్కును దగ్గర నుంచి చూడాలి. నీటి పొరను సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేస్తుంటే ఫినాఫ్తలీన్ లేత గులాబీ రంగు వస్తుంది. ఎండ్ పాయింట్ (ఆమ్లమంతా అయిపోయిన బిందువు) వచ్చిందనుకుని బ్యూరెట్ రీడింగ్ రాసుకునేలోపు రంగు వెలిసిపోతుంది. ఇంకో చుక్క వేస్తే మళ్లీ వస్తుంది, మళ్లీ పోతుంది. చేయి తప్పు కాదు. నీటిలో కరిగిన ఇథైల్ అసిటేట్ క్షారాన్ని మెల్లగా తినేస్తోంది. కాబట్టి క్షారంతో టైట్రేషన్ ఉన్న ప్రయోగానికి ఇది పనికిరాదు.

అలాంటి చోట 1-బ్యూటనాల్ చూడండి. క్షారంతో ఇలా కలబడదు, 118 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఫ్లాష్ పాయింట్ 35 డిగ్రీల దగ్గర. జనవరిలో అది కొంత భరోసా ఇస్తుంది, మేలో ఇవ్వదు. వాసన ఘాటుగా ఉంటుంది, కంట్లో పడితే గట్టి దెబ్బే. గాగుల్స్ లేకుండా ముట్టుకోవద్దు.

సైక్లోహెక్సేన్, హెప్టేన్ నీళ్లలో దాదాపు కరగవు, పొరలు శుభ్రంగా విడిపోతాయి. రెండూ సులువుగా అంటుకునేవే, నీటిలోని జీవులకు హాని చేసేవే. అందుకే చుక్క కూడా కాలువలోకి పోకూడదు. టోలీన్ బెంజీన్ కంటే నయమే, కానీ గర్భస్థ శిశువుకు హాని చేస్తుందన్న అనుమానం ఉంది. వేరే దారి ఉన్నప్పుడు దాని జోలికి పోకపోవడమే మంచిది.

నారింజ తొక్కల నుంచి వచ్చే లిమోనీన్‌ను "సహజం" అని తెగ మెచ్చుకుంటారు. ఫ్లాష్ పాయింట్ 48 డిగ్రీలు కాబట్టి నిప్పు విషయంలో నయం. కానీ గాలి తగిలి ఆక్సీకరణ చెందిన లిమోనీన్ చర్మానికి ఎలర్జీ తెస్తుంది, నీటి జీవులకు విషం. 176 డిగ్రీల దగ్గర గానీ మరగదు కాబట్టి తిరిగి పట్టడమూ కష్టం. చెట్టు నుంచి వచ్చిందన్న ఒక్క కారణంతో మార్కులు వేయకూడదు. 2-మిథైల్ టెట్రాహైడ్రోఫ్యూరాన్ చెరకు పిప్పి, మొక్కజొన్న కండెల నుంచి వచ్చే ఫర్‌ఫ్యూరాల్‌తో తయారవుతుంది. మంచిదే కానీ ఖరీదు ఎక్కువ, పెరాక్సైడ్ల బెడద ఉంది. డిగ్రీ ల్యాబ్‌కు అంత అవసరం లేదు.

ఇక కొబ్బరి నూనె. నవ్వకండి, కొన్ని ప్రయోగాలకు ఇదే అన్నిటికంటే మంచి ఎంపిక. ఆవిరవ్వదు, గది వేడికి అంటుకోదు, విషం కాదు. సుమారు 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది కానీ విశాఖలో డిసెంబరు, జనవరి తెల్లవారుజాములు తప్ప ఆ బాధ ఉండదు.

6. ప్రయోగాన్ని బట్టి

అయోడిన్ పంపిణీ. కార్బన్ టెట్రాక్లోరైడ్ బదులు సైక్లోహెక్సేన్ లేదా హెప్టేన్. ఊదారంగు అలాగే వస్తుంది. ఒక తేడా గుర్తుపెట్టుకోండి: పాత సాల్వెంట్ సాంద్రత 1.59, అడుగున ఉండేది. సైక్లోహెక్సేన్‌ది 0.78, పైన తేలుతుంది. పాత రికార్డు చూసి "అడుగు పొర సాల్వెంట్" అనుకుని నీటిని టైట్రేట్ చేస్తే లెక్కంతా తలకిందులవుతుంది. రంగు మాత్రమే చూపించాలంటే కొబ్బరి నూనె చాలు. సన్‌ఫ్లవర్ నూనె వద్దు. దానిలోని ద్విబంధాలు అయోడిన్‌ను పట్టేసుకుంటాయి, రంగు మెల్లగా పోతుంది. కొబ్బరి నూనెలో ద్విబంధాలు చాలా తక్కువ. ఇథైల్ అసిటేట్, ఆల్కహాల్‌లలో అయోడిన్ ఊదాగా కాకుండా గోధుమరంగులో కనిపిస్తుంది. చూసి కంగారు పడకండి.

ఆమ్లం పంపిణీ, టైట్రేషన్‌తో. బెంజీన్, బెంజోయిక్ ఆమ్లం జోడీని వదిలేసి అసిటిక్ ఆమ్లం, నీరు, 1-బ్యూటనాల్ తీసుకోవచ్చు. రెండు పొరల్లోనూ టైట్రేషన్‌కు చాలినంత ఆమ్లం ఉంటుంది. ఆమ్లం జంటలు కట్టడం, అంటే డైమర్ ఏర్పడడం గురించి చెప్పడమే పాఠం ఉద్దేశమైతే బ్యూటనాల్ సరిపోదు, ఎందుకంటే దాంట్లో అసిటిక్ ఆమ్లం విడి అణువులుగానే ఉంటుంది. అప్పుడు బెంజోయిక్ ఆమ్లాన్ని సైక్లోహెక్సేన్‌తో, టెస్ట్‌ట్యూబు స్థాయిలో చేయండి.

టీ నుంచి కెఫీన్. ఇథైల్ అసిటేట్‌తో చేయవచ్చు. కాఫీ గింజల్లోంచి కెఫీన్ తీసేయడానికి పరిశ్రమలో వాడేవాటిలో ఇదీ ఒకటి. డైక్లోరోమీథేన్ అంత బాగా లాగదు కాబట్టి వచ్చే కెఫీన్ తక్కువే. రికార్డులో "దిగుబడి తక్కువ" అని రాయడానికి సిగ్గుపడక్కర్లేదు, పక్కనే కారణం రాయండి. టీ కషాయంలో సోడియం కార్బొనేట్ వేస్తే టానిన్లు (టీకి వగరు ఇచ్చే పదార్థాలు) లవణాలుగా మారి నీటిలోనే ఉండిపోతాయి. వేసి చల్లారాకే సాల్వెంట్ పోయాలి, వేడి కషాయంలో అసలు పోయకూడదు. అరకు కాఫీతో చేద్దామని మనవాళ్లకు ఉత్సాహం ఉంటుంది. కానీ కాఫీలో నూనెలు ఎక్కువ, పొరలు విడిపోకుండా నురగ కట్టేస్తాయి. మొదటిసారి టీ ఆకులతోనే చేయండి. వచ్చిన తెల్లటి పొడిని రుచి చూడకూడదు.

స్కూలు పిల్లలకు, ఇంట్లో చేసేవాళ్లకు. బీట్‌రూట్ రసాన్ని పల్చటి గుడ్డతో వడకట్టి, అందులో చిటికెడు పసుపు కలిపి, సమానంగా కొబ్బరి నూనె పోసి మూత పెట్టి నెమ్మదిగా పది పన్నెండుసార్లు తిరగేయండి. నిలబెట్టి ఉంచితే పసుపు రంగు నూనెలోకి ఎక్కుతుంది, బీట్‌రూట్ ఎరుపు నీటిలోనే ఉండిపోతుంది. ఏది ఎందుకు అటు వెళ్లిందో చెప్పగలిగితే ఎక్స్‌ట్రాక్షన్ సూత్రం అర్థమైనట్టే. పసుపు ఎక్కువైతే నలకలు రెండు పొరల మధ్య పేరుకుంటాయి, అందుకే చిటికెడు. వాడిన నూనెను కూడా సింకులో పోయకండి, పాత కాగితాలకు పీల్చి చెత్తలో వేయండి.

7. సాల్వెంట్ తగ్గించే లెక్క

ఒక్క మిల్లీలీటరు కూడా అదనంగా వాడకపోవడమే అన్నిటికంటే పచ్చని పని. అది లెక్కలోంచే వస్తుంది. వితరణ గుణకం 5 అనుకోండి. 100 మి.లీ. నీటికి 60 మి.లీ. సాల్వెంట్ ఒకేసారి పోస్తే నీటిలో మిగిలేది: 100ని 100 + 5 × 60తో భాగించాలి, అంటే 25 శాతం. అదే 60ని మూడు 20లుగా పోస్తే ఒక్కోసారి సగం మిగులుతుంది. సగంలో సగంలో సగం 12.5 శాతం.

దీన్నే తిప్పి చూడండి. 20 మి.లీ. చొప్పున రెండుసార్లు, మొత్తం 40 మి.లీ. పోసినా 25 శాతమే మిగులుతుంది. ఒకేసారి 60 పోసి సాధించిందీ అంతే. మూడో వంతు సాల్వెంట్ ఊరికే ఆదా. అలాగని పదీ పన్నెండుసార్లు చేయక్కర్లేదు. 10 చొప్పున ఆరుసార్లు చేస్తే మిగిలేది దాదాపు 9 శాతం. మూడుసార్లతో వచ్చిన 12.5కు, దీనికి పెద్ద తేడా లేదు, చేతులు మాత్రం నొప్పెడతాయి. విద్యార్థుల పనికి మూడుసార్లు చాలు. ఇథైల్ అసిటేట్ లాంటిది వాడితే మొదటిసారి పోసినదాంట్లో కొంత నీటిలోకి కరిగిపోతుంది కాబట్టి అప్పుడు కాస్త ఎక్కువ పోయాలి.

పరిమాణం కూడా తగ్గించండి. చాలా ప్రయోగాలకు 100 మి.లీ. ఎందుకు? 5 మి.లీ. నీరు, 2 మి.లీ. సాల్వెంట్, మూతున్న గాజు టెస్ట్‌ట్యూబు, గాజు డ్రాపర్. ముప్పై మంది బ్యాచ్‌కు లీటర్ల బదులు ఒక చిన్న సీసా చాలు. ప్లాస్టిక్ ట్యూబులు వాడితే పాలీప్రొపిలీన్‌వి తీసుకోండి. పారదర్శకంగా, పెళుసుగా ఉండే పాలీస్టైరీన్ ట్యూబులు ఇథైల్ అసిటేట్ తగిలితే మెత్తబడి కరిగిపోతాయి.

8. ఫన్నెల్ చేతిలోకి తీసుకున్నాక

గదిలో మంట ఉండకూడదు. బర్నర్ పక్క బల్ల మీద కూడా వద్దు. గాగుల్స్, కోటు, మూసిన చెప్పులు. గ్లౌజులు వేసుకోండి కానీ వాటి మీద పూర్తిగా ఆధారపడకండి. ఇథైల్ అసిటేట్ నైట్రైల్‌లోంచి నిమిషాల్లో దిగుతుంది, కాబట్టి తడిస్తే వెంటనే మార్చండి.

ముందు స్టాప్‌కాక్ (అడుగు కొళాయి) మూసి, నీళ్లు పోసి లీక్ ఉందేమో చూడండి. తర్వాత ద్రావణం, సాల్వెంట్ పోయండి. ఫన్నెల్‌లో మూడో వంతు ఖాళీ వదలండి. కుడి అరచేత్తో మూతను నొక్కి పట్టి, ఎడమ చేతివేళ్లు స్టాప్‌కాక్ మీద ఉంచి, ఫన్నెల్‌ను తలకిందులు చేయండి. కాడ ఎవరి ముఖం వైపూ ఉండకూడదు, హుడ్ వైపు లేదా ఖాళీ గోడ వైపు ఉండాలి. ఒక్కసారి మెల్లగా తిప్పి వెంటనే స్టాప్‌కాక్ తెరవండి. "సుయ్" మని చిన్న శబ్దం వస్తుంది. మూసి, మళ్లీ తిప్పి, మళ్లీ తెరవండి. శబ్దం రావడం ఆగాకే కాస్త గట్టిగా ఊపాలి. ఎండాకాలంలో ఆ శబ్దం ఎక్కువసార్లు వస్తుంది, తొందరపడకండి. బైకార్బొనేట్‌తో కడిగేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ కూడా పుడుతుంది. అప్పుడు మూత పెట్టే ముందే నురగ తగ్గేదాకా ఆగాలి.

పొరలు విడిపోకుండా పాలలా అయిపోతే రెండు చెంచాల సంతృప్త ఉప్పునీరు పోసి ఫన్నెల్‌ను నెమ్మదిగా గుండ్రంగా తిప్పి, కాసేపు స్టాండుకు వదిలేయండి. చాలాసార్లు అదే సర్దుకుంటుంది. ఏ పొర ఏదో అనుమానం వస్తే ఒక చుక్క నీళ్లు వేసి ఏ పొరలో కలుస్తుందో చూడండి. ప్రయోగం అయ్యేదాకా ఏ పొరనూ పారేయకండి.

9. ఆరబెట్టడం, తిరిగి పట్టడం, అప్పగించడం

సాల్వెంట్ పొరలోని తేమ తీయడానికి అనార్ద్ర (నీరు లేని) సోడియం సల్ఫేట్ వేయడం అలవాటు. విశాఖ వేసవిలో ఇక్కడో చిక్కుంది. అది నీటిని పట్టుకుని పది నీటి అణువుల స్ఫటికంగా మారేది 32.4 డిగ్రీల లోపే. అంతకంటే వేడిగా ఉంటే ఎంత వేసినా సరిగ్గా ఆరదు. మధ్యాహ్నం బ్యాచ్‌కు "పొడి సరిగ్గా రాలేదు" అనిపిస్తే ముందు థర్మామీటర్ చూడండి. ఫ్లాస్కును చన్నీళ్లలో ఉంచి ఆరబెట్టండి, లేదా మెగ్నీషియం సల్ఫేట్ వాడండి. మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి డబ్బా మూత తెరిచి ఉంచితే రెండూ గడ్డకడతాయి. అలా అయినవాటిని ఓవెన్‌లో వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు.

సాల్వెంట్‌ను బీకరులో పోసి గాలికి ఆవిరి చేయడం సులువే కానీ అదంతా మీరు పీల్చే గాలిలోకే పోతుంది. వేడినీళ్ల తొట్టె మీద, మంట లేకుండా, కండెన్సర్ పెట్టి డిస్టిల్ చేయండి. ఒక బ్యాచ్ తిరిగి పట్టిన ఇథైల్ అసిటేట్ తర్వాతి బ్యాచ్ ఎక్స్‌ట్రాక్షన్‌కు హాయిగా పనికొస్తుంది. "రికవర్డ్" అని, తేదీతో లేబుల్ అంటించండి.

సాల్వెంట్‌ను ఎన్నడూ తాగునీళ్ల బాటిల్లో పోయకండి, కొద్దిసేపటికైనా సరే. ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి బస్సులోనో రైల్లోనో, స్కూటర్ సీటు కింద పెట్టో తీసుకెళ్లకండి. కొనేటప్పుడు లేబుల్ ఉన్న సీల్డ్ సీసానే, సేఫ్టీ డేటా షీట్‌తో సహా తీసుకోండి. అన్నీ చదవలేకపోతే కనీసం ప్రమాదాలు, ప్రథమ చికిత్స, నిల్వ గురించిన భాగాలు చదివి, ఆ కాగితాన్ని ల్యాబ్ తలుపు వెనక అంటించండి.

వ్యర్థాల సీసాను ముప్పావు వంతుకు మించి నింపవద్దు, వేడికి ఆవిరి విస్తరించడానికి చోటుండాలి. ఎండ తగలని చోట, ఆమ్లాల అల్మరాకు దూరంగా పెట్టండి. ప్రతిసారీ ఏది ఎంత పోశారో పక్కనే వేలాడదీసిన కాగితం మీద రాయండి. మీ రికార్డులో కూడా దిగుబడి కింద ఇంకో మూడు గీతలు చేర్చండి: వాడిన సాల్వెంట్, తిరిగి పట్టినది, వ్యర్థాల సీసాలోకి వెళ్లినది. మొదటి అంకెకు మిగతా రెండింటి మొత్తానికి తేడా వస్తే ఆ తేడా గాలిలోకి గానీ కాలువలోకి గానీ వెళ్లినట్టే. తర్వాతి బ్యాచ్‌కు ఏ మెట్టులో జాగ్రత్త పడాలో ఆ అంకె చెబుతుంది.